జేమ్స్ రూస్ సీటు కావాలి, జేమ్స్ రూస్ ఎవరో అక్కర్లేదా?

సిడ్నీ పశ్చిమ శివార్లలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, శనివారం తెలుగు బడి నడుపుతున్న టీచర్లకు, పండగ రోజుల్లో స్టేజీ ఎక్కి మైకు పట్టుకునే మిత్రులకు నమస్కారం.

మన ఫంక్షన్లలో ఒక జోకు బాగా పాతుకుపోయింది. ఇండియా నుంచి కొత్తగా దిగిన మామగారు సూట్‌కేసు కింద పెట్టి, "ఏమయ్యా అల్లుడూ, ఇది దొంగలు కట్టిన దేశమటగా, రాత్రిపూట తలుపులు గడియ పెట్టుకుంటున్నారా?" అని అడుగుతాడు. హాలంతా గొల్లుమంటుంది. వేషాలు మారతాయి, నటులు మారతారు, ఆ డైలాగు మాత్రం ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. స్కిట్ అయ్యాక భోజనాల లైన్లో మనం మాట్లాడుకునే మాటలు ఇంకో రకం. "మీవాడు ఓసీ టెస్ట్ (ప్రైమరీలో చురుకైన పిల్లల ప్రత్యేక తరగతులకి పెట్టే పరీక్ష) రాశాడా? ఏ కోచింగ్? జేమ్స్ రూస్ స్కూల్లో సీటు వస్తుందంటారా?"

ఈ రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఎలా వస్తున్నాయో కాస్త ఆలోచించండి. జేమ్స్ రూస్ దొంగే. ఉరిశిక్ష పడి, దాన్ని ద్వీపాంతరవాసంగా మారిస్తే, ఖైదీల ఓడలో ఇక్కడికి వచ్చినవాడు. కార్లింగ్‌ఫర్డ్‌లో మన పిల్లల కోసం మనం కలలు కనే ఆ స్కూలుకీ, ఆఫీసుకి వెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకునే జేమ్స్ రూస్ డ్రైవ్‌కీ, క్యాంబెల్‌టౌన్ దగ్గరున్న రూస్ అనే శివారుకీ పెట్టింది అతని పేరే. నిజానికి మన పిల్లలకు ఈ సంగతి కొంత తెలుసు. ప్రైమరీ స్కూల్లోనే మొదటి ఓడల గురించి ప్రాజెక్టు చేయిస్తారు. తెలియనిది మనకే. ఆ ప్రాజెక్టుకి రాత్రి పదకొండింటికి కూర్చుని థర్మోకోల్ ఓడ అంటించేది మనమే అయినా.

రూస్‌ది ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్. లాన్సెస్టన్ అనే ఊరి దగ్గర సేద్యం పనుల్లో పెరిగాడు. 1782 జులైలో, ఇరవై రెండు ఇరవై మూడేళ్ల వయసులో, ఒక ఇంట్లో చొరబడి రెండు వెండి వాచీలు ఎత్తుకెళ్లాడని బోడ్మిన్‌లో విచారించి ఉరిశిక్ష వేశారు. అప్పటి ఇంగ్లండ్‌లో ఉరి వేయదగ్గ నేరాలు 200 పైమాటే. గొర్రెను తోలుకుపోయినా ఉరే. వేసిన శిక్షలన్నీ అమలు చేస్తే ఊరికో ఉరికొయ్య చాలదు కాబట్టి, రాజుగారి దయ అనే పేరుతో చాలావాటిని ద్వీపాంతరంగా మార్చేవాళ్లు. రూస్‌కి ఏడేళ్లు పడింది. పంపాల్సింది ఆస్ట్రేలియాకి కాదు, ఆఫ్రికాకి. ఆస్ట్రేలియా ఆలోచన అప్పటికి ఇంకా ఖాయం కాలేదు.

అంతకుముందు ఖైదీలను తోలడానికి అమెరికా ఉండేది. సుమారు 50,000 మందిని పంపాక అమెరికా వాళ్లు తిరగబడి ఆ దారి మూసేశారు. ఆఫ్రికా కుదరలేదు. జైళ్లు కిటకిటలాడుతుంటే, పనికిరాని పాత ఓడలకు తెరచాపలు పీకేసి, రేవుల్లో లంగరేసి, వాటిలో జనాన్ని కుక్కారు. ప్లిమత్ రేవులో డంకర్క్ అనే అలాంటి ఓడలోనే రూస్‌కి దాదాపు ఐదేళ్లు గడిచిపోయాయి. 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు బయల్దేరాయి. అతన్ని ఎక్కించింది స్కార్‌బరోలో. టెనరీఫ్, రియో, కేప్‌టౌన్ మీదుగా ఎనిమిది నెలల ప్రయాణం. 1788 జనవరి 26న సిడ్నీ కోవ్‌లో జెండా ఎగరేసే నాటికి అతని ఏడేళ్లలో మిగిలింది ఏడాదిన్నరే.

ఇక్కడొక తమాషా ఉంది. ఎవరి శిక్ష ఎప్పటితో పూర్తవుతుందో చెప్పే రికార్డులు ఆ ఓడల్లో రాలేదు. మనుషులు వచ్చారు, కాగితాలు ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాయి. "నా గడువు అయిపోయింది, నన్ను వదిలేయండి" అని ఖైదీ అడిగితే గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ నమ్మనూ లేడు, కాదననూ లేడు. కాగితం కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడటం అంటే ఏంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఈ పోలిక నేను ఇక్కడే ఆపేస్తాను. ఎందుకంటే మన ఉపన్యాసాల్లో దీన్ని ఇంకా లాగుతారు. "వాళ్లు ఓడల్లో వచ్చారు, మనం విమానాల్లో వచ్చాం, అందరం వలస వచ్చినవాళ్లమే" అని. అది తప్పు. మనం ఫీజు కట్టి, ఐఈఎల్‌టీఎస్ రాసి, ఎయిర్‌పోర్టులో అమ్మకి చెయ్యి ఊపి వచ్చాం. నచ్చకపోతే తిరిగి వెళ్లడానికి టికెట్ ఉంది. వాళ్లలో చాలామందికి శిక్ష ఏడేళ్లే అయినా, తిరుగు ప్రయాణానికి డబ్బిచ్చేవాడు లేడు. ఏడేళ్లంటే జీవితాంతమనే లెక్క.

అప్పటి ఆకలి గురించి చెప్పకపోతే రూస్ చేసిన పని ఏమిటో అర్థం కాదు. ఇప్పుడు బొటానిక్ గార్డెన్ ఉన్న చోట ప్రభుత్వం వేసిన మొదటి పంట దెబ్బతింది. విత్తనాలు సగం దారిలోనే పాడయ్యాయి, నేల ఇసుక నేల, వచ్చినవాళ్లలో నాగలి పట్టినవాళ్లు బహు కొద్దిమంది. సరుకులతో వస్తున్న గార్డియన్ అనే ఓడ 1789 డిసెంబరులో మంచుకొండకు గుద్దుకుంది. 1790 మార్చిలో సిరియస్ అనే ఓడ నార్ఫోక్ దీవి దగ్గర రాళ్లకు కొట్టుకుని పగిలిపోయింది. ఆ ఏప్రిల్ నుంచి మనిషికి వారానికి ఇచ్చింది రెండున్నర పౌన్ల పిండి, రెండు పౌన్ల బియ్యం, రెండు పౌన్ల ఉప్పు పందిమాంసం. బియ్యం అనగానే సోనా మసూరి ఊహించుకోకండి. పురుగు పట్టి గింజ గింజా కదులుతూ ఉండేదని వాట్కిన్ టెంచ్ అనే మెరీన్ అధికారి రాశాడు. మాంసం మూడు నాలుగేళ్ల కిందట ఉప్పేసి పీపాల్లో పెట్టింది. గవర్నర్ బంగళాలో భోజనానికి పిలుపొచ్చినా, ఎవరి రొట్టె వాళ్లు జేబులో పెట్టుకుని వెళ్లాల్సిందే. ఇంకో రెండేళ్లకి, 1792 జూన్‌లో, అట్లాంటిక్ అనే ఓడ కలకత్తా నుంచి బియ్యం, రవ్వ, కందిపప్పులాంటి పప్పు దించింది. ఇండియన్ గ్రోసరీ ఈ ఊరికి కొత్తేమీ కాదన్నమాట.

ఈ కరువు ముంచుకొస్తున్న రోజుల్లోనే, 1789 నవంబరులో, ఫిలిప్ ఒక ప్రయోగం చేశాడు. సేద్యం తెలిసిన ఒక మనిషికి సిడ్నీకి పడమట ఉన్న పరమట్టా దగ్గర కాస్త నేల, గుడిసె, పనిముట్లు, విత్తనం, పందులు, కోళ్లు ఇచ్చి, తన తిండి తాను పండించుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో చూద్దామనుకున్నాడు. ఆ మనిషి రూస్. ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ అనే పేరు అలా వచ్చింది. బాగా పండిస్తే 30 ఎకరాలకు పట్టా ఇస్తానని మాట.

ఏడాది తర్వాత, 1790 నవంబరులో, ఇందాక చెప్పిన టెంచ్ ఆ పొలానికి వెళ్లి రూస్‌తో మాట్లాడి, అతను చెప్పిందంతా రాసుకున్నాడు. అది చదివినప్పుడు నాకు మా ఊళ్లో చావిడి దగ్గర కూర్చున్న రైతు గొంతు వినిపించింది. గొప్పలు లేవు, ఏడుపు లేదు. రూస్ మాటలు ఇవి: ఎకరంన్నర గోధుమ వేశాను, అరెకరం మొక్కజొన్న, ఇంటి వెనక చిన్న కూరగాయల మడి. గోధుమ మూడు బుషెళ్లు (గింజలు కొలిచే పాత కొలత) వెదజల్లాను, 12 లేదా 13 వస్తాయనుకుంటున్నాను. కొంత మేలో చల్లాను, కొంత జూన్‌లో. మేలో చల్లిందే బాగా వచ్చింది. మొక్కజొన్న సాగు నాకు తెలియదు, కాబట్టి అది ఎంత పండుతుందో చెప్పలేను.

ఒకటికి నాలుగు! మా నాన్న వింటే "ఆ మాత్రానికి దున్నడం దేనికిరా" అనేవాడు. కానీ నాగలి లేదు, ఎద్దు లేదు. నరికిన చెట్లు తగలబెట్టి, ఆ బూడిద నేలలో కలిపి, పారతో తవ్వుకుంటూ పోయాడు. మన్యంలో పోడు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. రోజుకి ఎనిమిది, మహా అయితే తొమ్మిది రాడ్లు తవ్వేవాణ్నన్నాడు. మన లెక్కలోకి మారిస్తే ఐదు, ఐదున్నర సెంట్లు. సర్కారు పొలంలోలాగా పైపైన గీకి వదల్లేదు, పద్ధతిగా చేశాను అని ఒక చురక కూడా వేశాడు. తవ్వాక గడ్డలు చితగ్గొట్టి, గడ్డీ కలుపూ లోపల పూడ్చి, నేలని గాలికీ ఎండకీ ఆరనిచ్చి, విత్తే ముందు మళ్లీ తిరగేశాడు. కోత అయ్యాక టర్నిప్ చల్లుతాడట, వచ్చే ఏటికి నేల గుల్లబారుతుందని. ఎండుగడ్డీ, కుళ్లే ప్రతి వస్తువూ గుంతల్లో వేసి ఎరువు చేస్తాడట. నేల ఎలాంటిదని అడిగితే, మంచిదీ కాదు చెడ్డదీ కాదు, మధ్యరకం అన్నాడు. ఎరువుంటే పండిస్తాను, పశువులు లేకపోతే మాత్రం ఈ నేల నిలవదు అన్నాడు.

మరి ఇబ్బంది ఏమిటయ్యా అంటే, దొంగలు! ఎంత కాపలా కాసినా తోటి ఖైదీలు దాదాపు ప్రతి రాత్రీ పంట ఎత్తుకుపోతున్నారని వాపోయాడు. రెండు వాచీలకు ఉరి తప్పించుకుని వచ్చినవాడి నోట ఈ మాట. మన స్కిట్ రాసేవాళ్లకి నవ్వు కావాలంటే ఇది వాడుకోండి, నేను అడ్డం చెప్పను. కనీసం నిజంగా జరిగింది.

సాయానికి ఇచ్చిన ఒక ఖైదీని కూడా మధ్యలో వెనక్కి తీసేసుకున్నారు. ఆ పొలంలో రూస్‌తో పాటు చెయ్యి వేసింది అతని భార్య ఒక్కతే. ఎలిజబెత్ పెర్రీ, తనూ ఖైదీయే. 1790 జూన్‌లో లేడీ జూలియానా అనే ఓడలో వచ్చింది, సెప్టెంబరులో వాళ్ల పెళ్లయింది. ఆవిడ కష్టజీవి అని రూస్ చెప్పిన ఒక్క మాట తప్ప ఆ పొలం గురించి ఆవిడ ఏమనుకుందో రాసుకున్న అధికారి ఎవరూ లేరు. ఆవిడ ఓడ దిగిన నెలలోనే ఇంకో మూడు ఓడలు వచ్చాయి. వాటి కాంట్రాక్టు తీసుకున్నది బానిసల వ్యాపారంలో ఆరితేరిన కంపెనీ. ఎక్కించిన ప్రతి తలకీ 17 పౌన్ల 7 షిల్లింగుల 6 పెన్స్ లెక్కన డబ్బు. దింపిన తలకి కాదు, ఎక్కించిన తలకి. దారిలో చచ్చినవాడి తిండి కాంట్రాక్టరుకి మిగులు. సుమారు వెయ్యి మంది బయల్దేరితే నాలుగో వంతు సముద్రంలోనే పోయారు. దిగినవాళ్లలో చాలామంది నడవలేక రేవులో పాకారు.

1791 ఫిబ్రవరిలో రూస్ వెళ్లి, ఇక నాకు సర్కారు రేషన్ అక్కర్లేదని చెప్పాడు. ఏప్రిల్‌లో 30 ఎకరాల పట్టా చేతికొచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో ఇచ్చిన మొట్టమొదటి భూమి పట్టా అదే.

ఆ భూమి ఎక్కడుందో తెలుసా? హారిస్ పార్క్. మనం దోసెకీ బిర్యానీకీ పానీపూరీకీ వెళ్లే హారిస్ పార్క్. విగ్రమ్ స్ట్రీట్‌లో పార్కింగ్ దొరక్క మీరు పక్క వీధుల్లో తిరుగుతారు చూడండి, ఆ తిరగడంలో ఎప్పుడో ఒకసారి రూస్ స్ట్రీట్‌లోకి వెళ్లే ఉంటారు. అక్కడ ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్ అని వరండా ఉన్న పాత ఇల్లు ఒకటి ఉంది, నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది. ఆ ఇల్లు రూస్‌ది కాదు. 1793లో అతను ఆ పొలాన్ని సైనిక దళం డాక్టరు జాన్ హారిస్‌కి 40 పౌన్లకి అమ్మేశాడు. ఇల్లు కట్టింది ఆ డాక్టరు, చాలా ఏళ్ల తర్వాత. ఊరికి పడిన పేరు కొన్నవాడిది, తవ్వినవాడికి దక్కింది ఒక సందు. మన ఊళ్లలో ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూములు పెద్ద రైతుల చేతుల్లోకి ఎలా వెళ్లాయో చూసినవాళ్లకి ఇందులో అర్థం కానిదేమీ లేదు.

అయితే ఆ పట్టా ఇచ్చిన ఫిలిప్‌దీ కాదు ఆ నేల. అది దారుగ్ జాతిలో బర్రమట్టగల్ అనే వంశం వాళ్లది. పరమట్టా అనే పేరులో ఉన్నది వాళ్లే. ఫిలిప్ రూస్‌కి నేల చూపించిన 1789లోనే, కొన్ని నెలల ముందు, సిడ్నీ చుట్టుపక్కల మశూచి వచ్చి సగం మంది ఆదివాసులు పోయారని ఫిలిప్ స్వయంగా రాశాడు. గుహల్లో, ఒడ్డున శవాలు. ఖాళీగా ఉన్న నేల ఇచ్చామనుకున్నారు, ఖాళీ ఎందుకు అయిందో అడగలేదు. 1797లో పెముల్‌వుయ్ అనే యోధుడు తన మనుషులతో పరమట్టా మీదికే వచ్చాడు. ఏడు తూటాలు తగిలినా బతికాడని చెప్పుకుంటారు. 1802లో కాల్చి చంపారు.

రూస్ కూడా ఈ కథకి బయట లేడు. హారిస్‌కి అమ్మాక 1794లో హాక్స్‌బరీ నది ఒడ్డుకి వెళ్లిన మొదటి రైతుల్లో అతనొకడు. ఆ ఒడ్డునే దారుగ్ వాళ్లు దుంపలు తవ్వుకుని తినేవాళ్లు. ఆ దుంపల నేలని మొక్కజొన్న చేలుగా మార్చారు. తమ దుంపలు పోయిన చోట పండిన కంకులు వాళ్లు విరుచుకుంటే దాన్ని దొంగతనం అన్నారు, తుపాకులు పేల్చారు. దొంగ అనే ముద్ర ఎవరు ఎవరికి వేస్తారో చూడండి. లండన్‌లో జేబు కొట్టిన పిల్లాడికి వేస్తారు, కంకి విరిచిన ఆదివాసికి వేస్తారు. ఖండం పట్టుకున్నవాడికి మాత్రం వేయరు.

ఇక్కడ తల్లిదండ్రులకి ఒక మాట. మీలో కొందరు ఈపాటికి "చూశావా నాన్నా, కష్టపడితే ఖైదీ కూడా..." అని పిల్లలకి చెప్పడానికి వాక్యం సిద్ధం చేసుకుని ఉంటారు. ఆగండి. రూస్ కష్టపడ్డాడు, నిజమే. హాక్స్‌బరీలోనూ కష్టపడ్డాడు. అప్పులు వచ్చాయి, వరదలు వచ్చాయి, మధ్యలో ఓడ మీద పనికి వెళ్లాడు, మళ్లీ వేరే చోట్ల భూములు వచ్చాయి, పోయాయి. 1828 నాటికి, డెబ్భైకి దగ్గరపడిన వయసులో, మింటో వైపు ఒక కెప్టెన్ గారి పొలంలో మేస్త్రీగా పని చేస్తున్నాడు. ఈ దేశంలో మొదటి పట్టా పుచ్చుకున్న మనిషి ముసలితనంలో ఇంకొకడి పొలంలో కూలీలను చూసుకునేవాడు. ర్యాంకుల పోస్టరు మీద వేసుకోవడానికి ఈ జీవితం పనికిరాదు.

1837 సెప్టెంబరు 5న పోయాడు. క్యాంబెల్‌టౌన్‌లో సమాధి. దాని మీది రాయి తనే చెక్కుకున్నాడంటారు. అమ్మ నన్ను ప్రేమగా పెంచింది, ఈ వలస రాజ్యానికి వచ్చి మొదటి గింజలు నేనే నాటాను అని అందులో ఉంది. మొదటి గింజలు అన్నది పూర్తిగా నిజం కాదు, సర్కారు పొలంలో అంతకుముందే విత్తారు. ఆ పెద్దాయన్ని ఆ ఒక్క గొప్పకీ తప్పుపట్టాలని నాకు లేదు. ఇంకో విషయం, ఆ రాయి నిండా స్పెల్లింగ్ తప్పులే. ఇంగ్లీషులో, లెక్కల్లో రాష్ట్రాన్నే ఊపేసే పిల్లలు చదివే స్కూలుకి ఆ పేరు పెట్టారు. అక్కడ ఇప్పటికీ వ్యవసాయం ఒక పాఠం, పొలం ఉంది, పిల్లలు మట్టిలో చేతులు పెడతారు. మన కోచింగ్ కరపత్రాల్లో ఈ ముక్క ఎక్కడా కనపడదు.

ఒక్క రూస్‌తో అయిపోలేదు. 1788 నుంచి 1868 దాకా ఎనభై ఏళ్లలో 1,60,000 మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది చిన్నా చితకా దొంగతనాలవాళ్లే, దాచిపెట్టాల్సింది ఏమీ లేదు. కొందరు ఐర్లండ్ తిరుగుబాటుదారులు. 1834లో డోర్సెట్‌లోని టాల్‌పడిల్ అనే పల్లె నుంచి ఆరుగురు వ్యవసాయ కూలీలను పంపారు. వాళ్ల నేరం? కూలి తగ్గిస్తుంటే సంఘం పెట్టుకుని, రహస్యంగా ప్రమాణం చేయడం. సంఘం పదవుల కోసం కొట్టుకునే మనం ఈ ఆరుగురి గురించి తెలుసుకోవడం ఆరోగ్యానికి మంచిది.

వచ్చినవాళ్లందరినీ గొలుసులతో కట్టి రాళ్లు కొట్టించలేదు. ఎక్కువమందిని రైతులకీ, దుకాణదారులకీ జీతం లేని పనివాళ్లుగా అప్పగించేవాళ్లు. యజమాని మంచివాడైతే కడుపు నిండేది. కాకపోతే, ఎదురు మాట్లాడాడని మేజిస్ట్రేటు దగ్గరికి ఒక చీటీ రాసి పంపితే చాలు, కొరడా దెబ్బలు కొట్టి మర్నాడు పనికి పంపేవాళ్లు. బుద్ధిగా ఉంటే కొన్నేళ్లకి టికెట్ ఆఫ్ లీవ్ అనే కాగితం. దాంతో ఫలానా జిల్లాలో ఉండి సొంతంగా సంపాదించుకోవచ్చు. జిల్లా దాటితే కాగితం గల్లంతు.

ఆడవాళ్లకి పరమట్టాలో ఫిమేల్ ఫ్యాక్టరీ కట్టారు, 1821లో. జైలూ అదే, నేత పని చేసే చోటూ అదే, ప్రసవాల ఆసుపత్రీ అదే, పెళ్లిచూపులూ అక్కడే. దాన్ని డిజైన్ చేసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే ఫోర్జరీ కేసులో వచ్చిన ఖైదీ. తర్వాతి కాలంలో అతని బొమ్మని పది డాలర్ల నోటు మీద వేశారు. ఫోర్జరీ చేసినవాడిని నోటు మీద వేసిన హాస్యం ఈ దేశానికి ఉంది, మన స్కిట్‌కి లేదు. 1827లో రేషన్ కోసేస్తే ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్లు తలుపులు బద్దలుకొట్టి ఊళ్లో పడి రొట్టె, మాంసం పట్టుకుపోయారు. సైనికులు దిగాల్సి వచ్చింది. ఆ గోడలు నార్త్ పరమట్టాలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, మనం ఫంక్షన్లు చేసుకునే హాళ్లకి కారులో కొద్ది నిమిషాల దూరం.

జాలి కథలే చెప్పమని నేననడం లేదు. 1838 జూన్‌లో మయాల్ క్రీక్ దగ్గర సుమారు 28 మంది విర్రయరాయ్ ఆదివాసుల్ని, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ, తాడుకు కట్టి తీసుకెళ్లి నరికేశారు. ఆ పని చేసినవాళ్లలో ఒక్కడు తప్ప అందరూ ఖైదీలో మాజీ ఖైదీలో. పదకొండు మంది మీద కేసు నడిచింది, ఏడుగురిని ఉరి తీశారు. ఆ మిగిలిన ఒక్కడు, ఖైదీ కాని భూస్వామి కొడుకు, దొరకనే లేదు. కొరడా తిన్న చేతులే కత్తి పట్టాయి. పిల్లలకి చెప్పేటప్పుడు వయసు చూసుకుని చెప్పండి, కానీ ఈ భాగం కోసేసి చెప్పకండి.

మనకీ ద్వీపాంతరం తెలియనిది కాదు. ఆస్ట్రేలియాలో నడిచిన పద్ధతినే బ్రిటిష్ వాళ్లు 1858లో అండమాన్‌లో మొదలుపెట్టారు. 1922-24 రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం వాళ్లను అక్కడికి పంపారు. కాలాపానీ అంటే మనకి ఒళ్లు గగుర్పొడుస్తుంది. అండమాన్ ఖైదీల మీద ఎవడైనా స్టేజీ మీద జోకు వేస్తే చెప్పులు పడతాయి. అక్కడికి వెళ్లినవాళ్లలో కూడా ఎక్కువమంది దేశభక్తులు కాదు, మామూలు నేరస్తులే. వాళ్లు కూడా అడవులు కొట్టారు, రోడ్లు వేశారు, అక్కడి ఆదివాసుల నేలలోకి నడిచారు. అండమాన్‌కి ఒక కొలత, సిడ్నీకి ఇంకో కొలత పెట్టుకున్నాం మనం.

అడగదలుచుకున్నది ఇంతే. వచ్చే పండగకి ఆ దొంగల దేశం డైలాగు వద్దు. స్క్రిప్ట్ చూసే కమిటీ ఎలాగూ ఉంది, సినిమా పాటల్లో అసభ్యం ఉందా అని చూసే కళ్లతో దీన్నీ చూడండి. రెండోది, ప్రోగ్రామ్ మొదట్లో ఈ నేల అసలు యజమానులకి వందనం అని చదివే నాలుగు వాక్యాలు ఉన్నాయి కదా. సౌండ్ చెక్ చేస్తూ, కుర్చీలు జరుపుతుండగా, ఎవరో యాంకర్ గడగడా చదివేసి "ఇప్పుడు గణపతి ప్రార్థన" అనేస్తుంది. దాన్ని ఒకసారి తెలుగులో, నిదానంగా, దారుగ్, బర్రమట్టగల్ అనే పేర్లు పలికి చదవండి. మూడోది తెలుగు బడి టీచర్లకి. ఒక శనివారం క్లాసుని హారిస్ పార్క్ స్టేషన్ దగ్గర పెట్టండి. అక్కణ్నుంచి పిల్లల్ని రూస్ స్ట్రీట్‌కి నడిపించుకెళ్లి, ఐదు సెంట్లు అంటే ఎంతో ఏదైనా పార్కులో తాడుతో కొలిచి చూపిద్దాం. రోజంతా పారతో అంత నేల తవ్వడం అంటే ఏంటో పిల్లలకి అప్పుడు తెలుస్తుంది, చాలామంది తండ్రులకి కూడా.

కాటేజీ లోపల చూడాలంటే తెరిచే రోజులు ముందుగా కనుక్కోవాలి, ఆ పని నేను చేస్తాను. తాడు, మేకులు నా దగ్గర ఉన్నాయి. పిల్లల లిస్టు, తల్లిదండ్రుల అనుమతి కాగితాలు టీచర్లు చూసుకోవాలి. మధ్యాహ్నం టిఫిన్ ఎవరి ఖాతాలో అన్నది మీ కార్యవర్గ సమావేశంలో తేల్చి, టర్మ్ సెలవులు మొదలవకముందే చెప్పండి.

ఇట్లు,
హారిస్ పార్క్‌లో ఉంటున్న ఒక తెలుగు తండ్రి